డేలియా గడ్డ, మన పుస్తకం

మా గ్రూపు పొదుపు, అప్పుల లెక్కలు అకౌంటెంటమ్మ చదివేసింది. మేము పూలతోట సంగతి చెప్తాం.

మా ఇల్లు అల్వాల్‌లో, తోట శామీర్‌పేట దాటినాక. అత్తమ్మ, తోటికోడళ్ళం కలిసి చేస్తాం. అసలు పంట బంతి, చామంతి. బతుకమ్మకు, దసరాకు గుడిమల్కాపూర్ మార్కెట్‌లో మంచి ధర పలుకుతుంది. పండుగ తెల్లారి అదే పువ్వుకు కోత కూలి కూడా రాదు. అందుకే ఒక మూల డేలియా పెట్టాం. ఇది దండకు పనికిరాదు, కిలోల లెక్కన తూగదు. చలికాలంలో పూస్తుంది కాబట్టి దీపావళి అయ్యాక చేతిలో డబ్బు ఆడని రోజుల్లో కుండీల్లో అమ్ముడుపోతుంది.

ఈ పువ్వు పుట్టిల్లు మెక్సికో. అక్కడ 1963లో దీన్ని జాతీయ పుష్పంగా ప్రకటించారు. మన ఎండకు తట్టుకోదు. ఆకు పసుపు తిరిగాక నీళ్ళు ఆపి, గడ్డలు తవ్వి, ఎండాకాలమంతా నీడలో పొడి ఇసుకలో దాచాలి. తడి తగిలిందా, కుళ్ళిపోతాయి. చూడడానికి మొరంగడ్డలాగే ఉంటుంది గాని దీని కన్ను మెడ దగ్గరే ఉంటుంది. మెడ విరిగిన గడ్డ ఎంత లావున్నా మొలవదు. కొనేటప్పుడు లావు చూడకండి, మెడ చూడండి.

గడ్డ పెడితే, కొమ్మ నాటితే తల్లి పువ్వే వస్తుంది. గింజ వేస్తే మాత్రం రాదు. ఒక్క పువ్వు గింజలు పది వేస్తే పది తీర్లుగా పూస్తాయి. క్రోమోజోముల గురించి బడిలో చదువుకున్నాం కదా, మనలో అవి రెండేసి ఉంటాయి. డేలియాలో ఎనిమిదేసి. అవి ఎట్లా కలిస్తే అట్లా ఒక కొత్త రంగు.

ముద్ద పువ్వుల్లో నడుమ బొడ్డు మూసుకొని ఉంటుంది, తేనెటీగకు దారి దొరకదు. సీజను చివర వచ్చే పువ్వుల్లో బొడ్డు తెరుచుకుంటుంది. గింజకు వాటినే వదిలేస్తాం. ఫలానా రెండు రంగులే కలవాలంటే, ఒకదాని పుప్పొడి చిన్న కుంచెతో ఇంకోదానికి అద్ది, ఈగ వాలకుండా ముందూ వెనకా పల్చని గుడ్డ సంచి కడతాం. నెల, నెలన్నరకు గింజ ముదురుతుంది. మొలిచినవాటిలో చాలావరకు ఒంటిరేకు పూలే వస్తాయి, వాటిని పీకేయాలి. అత్తమ్మకు అది మనసొప్పదు, గట్టు మీద నాటుకుంటది.

పోయినేడు ఒక మొక్క ముద్దగా, గులాబీరంగు రేకులకు తెల్ల అంచుతో పూసింది. ఒక నర్సరీ ఆయన గడ్డతో సహా ఇవ్వమని వచ్చాడు. మగవాళ్ళు ఇచ్చేద్దామన్నారు, మోటరు బాకీ తీరుతుందని. ఇంట్లో రెండురోజులు అదే పంచాయితీ. గడ్డ ఇస్తే ఒక్కసారి పైసలు వస్తాయి, పువ్వు మళ్ళీ మన చేతికి రాదు. చివరికి గడ్డ మా దగ్గరే పెట్టుకొని, వేళ్ళు దిగిన కొమ్మలు అమ్మాం. ఆయనా కొన్నాడు. బాకీ సగమే తీరింది, మిగతాది నెలనెలా కడుతున్నాం.

ఆ పంచాయితీలో మమ్మల్ని నిలబెట్టింది ఒక నోటుపుస్తకం. ఏ తల్లి, ఏ తండ్రి, ఏ తేదీన అద్దాం, ఎవరు అద్దారు, ఎన్ని గింజలు, ఎట్లా పూసింది, అన్నీ అందులో రాసి ఉన్నాయి. గ్రూపు పంచసూత్రాల్లో పుస్తకాల నిర్వహణ ఒకటి కదా, ఆ అలవాటే ఇది. పట్టాదారు పాసుపుస్తకంలో మా పేరు లేదు. ఆ పువ్వు మా చేతిలో పుట్టిందని చెప్పే కాగితం ఇదొక్కటే. రైతు తయారుచేసిన కొత్త రకాన్ని రిజిస్టరు చేసుకునే హక్కు 2001 చట్టంలో ఉంది. పంట ప్రభుత్వం ప్రకటించిన జాబితాలో ఉండాలి, రైతుకు ఫీజు లేదు. మా పువ్వు ఇంకో రెండేళ్ళు అట్లాగే పూస్తే అప్పుడు ఆలోచిస్తాం. పేరు అత్తమ్మ పెడతానంటోంది.

జూన్‌లో గడ్డలు తడి ఇసుకలో పెడతాం, ఆ తర్వాత కొమ్మలు దిగుతాయి. ఇంటిముందు కుండీలో పెంచుకోవాలనుకునే అక్కలు సెప్టెంబరు మీటింగుకు పాత పెరుగు డబ్బాలు, అడుగున బొక్క పెట్టి తీసుకురండి. ఎవరికి ఏ రంగు ఇచ్చామో పుస్తకంలో రాసుకుంటాం.