మెత్తని గొంతుక



నేడు నేను మీతో ముచ్చటింపబోవునది యొక సినిమా గాయకుని గూర్చి. ఈ మాట వినగానే మీలో కొందఱు నవ్వుకొందురని నే నెఱుగుదును. ముప్పదియెనిమిది యేండ్లు బడిపిల్లలకు ఛందస్సును, సంధులును బోధించి విశ్రాంతి గైకొన్న తెలుగు పండితునకు సినిమాపాటలతో నేమి పని యని మీ రడుగవచ్చును. ఏడాది క్రిందటివఱకు నేనును అట్లే యడిగెడివాడను. ఈ ప్రసంగములో ఒక గాయకుని ప్రశంసయు, ఒక యుపాధ్యాయుని తప్పొప్పుకోలును కలసియున్నవి. మొదటిది చెప్పనిదే రెండవది బోధపడదు గనుక ఆ గాయకునితోనే యారంభించెదను. ఆయన పేరు ఏ. ఎం. రాజా.

నా చిన్ననాట మా యూరి పంచాయతీ కచేరిలో ఒక రేడియో యుండెడిది. దాని బాకా కచేరి ముందటి వేపచెట్టు కొమ్మకు కట్టబడియుండెడిది. సాయంకాలము పొలములనుండి వచ్చినవారు అరుగులమీద కూర్చుండి ధరవరలును, వార్తలును, పిమ్మట చిత్రగీతములును వినెడివారు. ఆ బాకాలో ఘంటసాల వేంకటేశ్వరరావుగారి గొంతుక చెఱువుకట్టదాక నిండుగా వినబడెడిది. రాజా పాట వచ్చినప్పుడు మాత్రము సగము గాలికి పోయి, సగము మిగిలి, పలుచని తీగవలె చెవి సోకెడిది. “ఎవడురా వీడు, కూడు తినలేదా యేమి?” అని మా పెద్దలు హాస్యమాడెడివారు. ఆ హాస్యమే నా తీర్పయ్యెను.

ఆ పెద్దలను తప్పుపట్టుటకు వీలులేదు. వారి చెవులు నాటకరంగమున పదునెక్కినవి. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయములను మైకులు లేని దినములలో ఆడునప్పుడు, వెనుక గోనెపట్టా పఱచుకొని కూర్చున్నవానికి సైతము పద్యము అక్షరాక్షరము వినబడవలెను. ఈలపాట రఘురామయ్యగారి వంటివారు రాగము తీయగా జనము “వన్స్ మోర్” అని యఱచిన కథలు మీ యిండ్లలోను చెప్పుకొనియే యుందురు. అట్టి కొలబద్దతో కొలిచినప్పుడు మెత్తని గొంతుక తక్కువ తూగుట సహజము.

పిమ్మట నేను ప్రాచ్యకళాశాలలో చేరి భాషాప్రవీణకు చదివితిని. అచ్చట పాణినీయశిక్ష నా చేతికొక యాయుధము నిచ్చెను. అధమపాఠకు లాఱుగురని అందు చెప్పబడినది. కూనిరాగములు తీయుచు చదువువాడు, తొందరపడి చదువువాడు, తలయూపుచు చదువువాడు, వ్రాసినదానిని చూచి చదువువాడు, అర్థ మెఱుగక చదువువాడు, కడపట అల్పకంఠుడు, అనగా గొంతుక చాలనివాడు. నా చిన్ననాటి తీర్పునకు శాస్త్రప్రమాణము దొరకినదని మురిసితిని.

గత వేసవిలో హైదరాబాదునందలి మా కుమారుడు నాకొక పాటల పెట్టె తెచ్చియిచ్చెను. చూచుటకది పాతకాలపు రేడియోవలెనే యుండును గాని, దాని కడుపులో వేలకొలది పాటలు దాచబడియుండును. ఒక్కొక్క గాయకునకు ఒక్కొక్క సంపుటి. ఒకనాటి రాత్రి ఘంటసాలవారి పద్యములు విందమని మీట త్రిప్పగా, నా చూపు మందగించుటచేత గురి తప్పి రాజా సంపుటి మ్రోగెను. మార్చబోవుచుండగా లోపల మా యింటిది జ్వరముతో నిద్రించుచున్న సంగతి జ్ఞప్తికి వచ్చి, ముందు ధ్వని తగ్గించితిని. పెట్టెను ప్రక్కనే పెట్టుకొని, చెవి దానికి చేరువ చేసితిని. ఆ పాట ముగియునప్పటికి నేను మీటను మఱచితిని. ఆ రాత్రి యించుమించు ఇరువది పాటలు వింటిని.

మొదట వినబడినది 1955లో విజయావారు తీసిన మిస్సమ్మ చిత్రములోనిది. కథ మీకు తెలిసినదే. ఉద్యోగము లేని యొక యువకుడును, ఒక యువతియు, బడిపంతులు పని కొఱకు భార్యాభర్తలమని బొంకి అప్పాపురము చేరుదురు. ఎల్. వి. ప్రసాదుగారు దర్శకులు, పింగళి నాగేంద్రరావుగారు పాటలు కూర్చినవారు, సాలూరి రాజేశ్వరరావుగారు స్వరపఱచినవారు. ఎన్. టి. రామారావుగారికి రాజా గళ మిచ్చెను. అలిగిన యిద్దఱును చంద్రునికి మొరపెట్టుకొను పాటలో ఆయన పి. లీలతో కలసి పాడుటను గమనింపుడు. కోపమున్నది కాని కసి లేదు. ఎత్తిపొడుపున్నది కాని ములుకు లేదు. గట్టి గొంతుకతో పాడినచో అది జగడమయ్యెడిది. మెత్తగా పాడుటచేత చిఱునవ్వయ్యెను. అదే కథ ఆ యేడే తమిళమున మిస్సియమ్మగా వచ్చినప్పుడును, జెమినీ గణేశునికి రాజాయే పాడెను.

దానికి ముందు 1954లో భరణీవారి విప్రనారాయణ వచ్చెను. విప్రనారాయణుడు శ్రీరంగనాథునకు పూలమాలలు సమర్పించు భక్తుడు. తొండరడిప్పొడి ఆళ్వారని ప్రసిద్ధుడు. ఆ పాత్రధారియగు అక్కినేని నాగేశ్వరరావుగారికి రాజా పాడెను. తులసివనములో తనలో తాను పాడుకొను భక్తునకు వెనుకవరుసవానితో పనియేమి? అచ్చట కావలసినది ఏకాంతము. ఆ యేకాంతము రాజా గొంతుకలో నున్నది. ఆయన పంక్తి చివర బలముపెట్టి త్రోయడు. మాటను నేలమీద మెల్లగా దింపును. గమకము వేయవలసినచోట వేయును గాని, వేసితినని మనకు చెప్పడు. హల్లును నొక్కి విఱువడు. అయినను ఏ యక్షరమును జాఱిపోదు.

ఇట్టి పాట యెచ్చటనుండి వచ్చినదని యాలోచించితిని. సంగీతశాస్త్రము మంద్రస్వరము హృదయమునను, మధ్యస్వరము కంఠమునను, తారస్వరము శిరస్సునను పుట్టునని చెప్పును. హృదయమున పుట్టినది సహజముగా దూరము పోజాలదు. అందుచే పూర్వము సభలో పాడువాడు పైస్థాయిని ఆశ్రయింపవలసివచ్చెను. 1925 మొదలుకొని విద్యుత్తుతో గ్రామఫోను రికార్డులు తీయు పద్ధతి వచ్చి, మైకు గాయకుని పెదవులకు చేరువయ్యెను. అంతట గుసగుసవంటి స్వరము సైతము పళ్లెముపైకెక్కినది. అమెరికాలో బింగ్ క్రాస్బీ (1903–1977) యను నాతడు ఒక్కని చెవిలో చెప్పుచున్నట్లు పాడి ప్రసిద్ధుడయ్యెను. ఆ తీరును అచ్చటివారు క్రూనింగ్ అనిరి. అది మగతనము లేని పాటయని ఆ దేశమునను కొందఱు పెద్దలు ఈసడించిరి. హిందీలో తలత్ మహమూద్ (1924–1998) అట్టివాడు. మనకు రాజా అట్టివాడు. అట్టి పాటను చెట్టుకొమ్మకు కట్టిన బాకాలో వినుట, మల్లెపూవును గాలివానలో వాసనచూచుట వంటిది. ఆ బాకాలు మంద్రస్వరమును చాలవఱకు మ్రింగివేయును. లోపము గొంతుకలో లేదు, బాకాలో నున్నది.

ఆయన మన తెలుగువాడే. 1929వ సంవత్సరము జూలై 1వ తేదీన చిత్తూరు జిల్లా రామచంద్రపురమున జన్మించెను. మద్రాసు పచ్చయప్ప కళాశాలలో బి. ఏ. చదివెను. గాయకుడే గాక సంగీతదర్శకుడు కూడ. 1958లో శోభ చిత్రమునకును, 1959లో తమిళమున కల్యాణపరిసునకును, దాని తెలుగురూపమైన 1960నాటి పెళ్లికానుకకును ఆయనయే స్వరములు కూర్చెను. పాట మనసును మార్చు మహిమను గూర్చి పెళ్లికానుకలో నొక పాట గలదు. దానిని పాడినది ఆయన భార్య జిక్కి. తమిళులును, మలయాళీలును ఆయన పాటలను నేటికిని ప్రియముగా వినుచున్నారు. తెలుగున ఘంటసాలవారి వెలుగు ముందర ఈ దీపము మనకు ఆనలేదు. కాలక్రమమున ఆయనకు సినిమాలలో అవకాశములు తగ్గెను. 1989 ఏప్రిల్ మాసమున, కచేరీకై ప్రయాణము చేయుచు, తిరునల్వేలి జిల్లా వళ్లియూరు స్టేషనులో రైలు ప్రమాదమున మరణించెను. అప్పటి కాయనకు అఱువదియేండ్లయిన నిండలేదు.

ఇక రెండవ మాట.

ఆ రాత్రి పాటలు వినుచుండగా నాకొక పిల్లవాని గొంతుక జ్ఞాపకమువచ్చెను. 1987లో నేను పనిచేయు బడిలో పదుమూడేండ్ల బాలుడొక డుండెను. పేరు చెప్పను. పోతనగారి గజేంద్రమోక్షములోని పద్యములు వానికి కంఠస్థములు. జిల్లాస్థాయి పద్యపఠన పోటీకి మా బడినుండి ఒకనిని పంపవలసియుండెను. వాడు నా యెదుట నిలిచి చదివెను. తప్పొక్కటి లేదు, యతిస్థానమున విఱుపు, అర్థమునకు తగిన నిలుకడ, అన్నియు నుండెను. గొంతుక మాత్రము మెత్తనిది. నేను వెంటనే ఆ శిక్షాశ్లోకము నెత్తుకొని, తరగతియెల్ల వినునట్లు “అల్పకంఠుడవు నాయనా, నీకిది తగదు” అంటిని. పిల్లలు నవ్విరి. గట్టి గొంతుకగల మఱియొక బాలుని పంపితిని. పోటీ జరిగిన వేదికమీద మైకుండెను. ఆ సంగతి నాకు ముందే తెలియును. తెలిసియు నేనొక్కనిమేష మాలోచింపనైతిని.

ఆ బాలు డటుపిమ్మట పద్యమునకై చేయి యెత్తలేదు.

ఇందు నన్ను మిక్కిలి బాధించిన దొకటి గలదు. మఱునాడుదయము శిక్షాగ్రంథమును తీసి చూచితిని. అధమపాఠకుల శ్లోకము ప్రక్కనే మంచి పాఠకుని గుణములు చెప్పు శ్లోకమున్నది. మాధుర్యము, అక్షరముల స్పష్టత, పదముల విభాగము, మంచి స్వరము, తొట్రుపడని ధైర్యము, లయ. ఈ యాఱింటిలో ధ్వని పెద్దదిగా నుండవలెనని యెచ్చటను లేదు. ఆ బాలునియందు ఈ గుణములన్నియు నుండెను. ఉన్న ధైర్యమును నేనే పోగొట్టితిని. ఒక శ్లోకమును జ్ఞాపకముంచుకొని, దాని ప్రక్కదానిని ముప్పదియెనిమిదేండ్లు మఱచితిని.

వాడిప్పుడు ఏబదియేండ్లు దాటిన రైతు. మా యూరికి రెండు క్రోసుల దూరమున నున్నాడు. ఒకనాటి సాయంకాలము పోయితిని. పశువులకు చొప్ప వేయుచున్నవాడు నన్ను చూచి తువ్వాలు భుజమునుండి తీసి, మంచము వాల్చెను. వచ్చిన పని చెప్పితిని.

“మాస్టారూ, తమ రింకను దానిని మనసులో పెట్టుకొంటిరా?” అని కొంతసేపూరకుండి, “ఆ దినము ఏడ్చినమాట నిజమేనండీ. మా నాయనతోకూడ చెప్పలేదు. మా అమ్మాయి పసితనములో నిద్రపోకున్నప్పుడు ఆ పద్యములే పాడెడివాడను. మఱి యెవరి యెదుటను నోరు విప్పలేదు” అనెను.

నాకొఱకు చదువుమంటిని. ఇంటివైపొకసారి చూచి, మెల్లగా మొదలుపెట్టెను. మూడు పద్యములు సాగినవి. నాలుగవదానిలో మూడవ పాదము తట్టక నిలిచిపోయెను. నేను అందించితిని. పూర్తిచేసెను. ఆ చీకటిపడు వేళ, పశువులపాకలో, ఆ గొంతుక చాలలేదని యే శాస్త్రము చెప్పగలదు? “పొరపడితిని నాయనా” అంటిని. “తమరు నేర్పినవే గదా మాస్టారూ” అని వాడు చొప్పకట్ట విప్పుటకు వంగెను. క్షమించితి ననలేదు, అనవలసిన పనియు వానికి లేదు.

పెద్దలారా! మీ యూళ్లలో బడి వార్షికోత్సవములు, భజనలు, శ్రీరామనవమి పందిళ్లు మీ చేతులమీదుగానే జరుగుచున్నవి. అందుచేత రెండు విన్నపములు చేసెదను. పద్యమునకో పాటకో పిల్లలను ఏఱునప్పుడు మెత్తని గొంతుకవానిని వెనుకకు నెట్టకుడు. వానిని మైకునకు చేరువగా నిలిపి, తనకు సహజమైన స్వరముతో చదువుమనుడు. గొంతుక పెంచుమని మాత్రము గద్దింపకుడు. రెండవది, రాజా పాటలను పందిటిలో పెద్ద డబ్బాలలో మ్రోగింపకుడు. ఇంటిలో దీపము తగ్గించినపిమ్మట, ధ్వని తగ్గించి, ఒంటరిగా వినుడు. ఒక్క పాటతో తీర్పు చెప్పక, నాలుగు పాటలవఱకు ఓపిక పట్టుడు.

ఆ రైతు వచ్చు మార్గశిరమున మా గ్రామ రామాలయమున గజేంద్రమోక్షము చదువుట కొప్పుకొన్నాడు. మైకు సవరించు పని నాది.