ఉద్యోగముల నడుమ దూరదేశ విమానయానము: పాథేయ విచారము



 ఉపాధ్యాయవృత్తినుండి విరమించినవారము గావున విద్యావిషయమునే ప్రసంగింతుమని తామందఱు తలంచియుందురు. కాని నేడు మన కులబాంధవుల యిండ్లలో పరీక్షాఫలితములవలెనే తఱచుగా వినబడు ప్రశ్న యొకటి కలదు. "ఉన్న యుద్యోగము పోయినది, క్రొత్తది యింకను కుదురలేదు, దూరదేశమునుండి యింటికి వచ్చిపోవుటకు చౌకటికెట్టు ఎట్లు దొరకును?" అనునదే యా ప్రశ్న. దానినే విచారింప దలంచితిమి.

సంస్కృతమున పథిన్ శబ్దమునకు మార్గమని యర్థము. మార్గమున కుపయోగించునది పాథేయము. మన తెనుగున దారిబత్తెము. పనికై యొకనిని పొరుగూరినుండి పిలిపించినవాడు తిరుగుదారి బత్తెమును గూడ నిచ్చుట మర్యాదయని మన పెద్దలు చెప్పుదురు. కావున టికెట్టు వెల యెంత యని యడుగుటకు ముందు, ఆ వెల నెవరు చెల్లింపవలసినదని యడుగుట న్యాయము.

అమెరికాయందు హెచ్-1బి వీసాపై పనిచేయువానిని, అనుమతింపబడిన గడువు ముగియకముందే యజమాని తొలగించినచో, స్వదేశమునకు మరలుటకగు సముచితవ్యయమును యజమానియే భరింపవలెనని యచ్చటి నిబంధన. తానై రాజీనామా యిచ్చినవానికి ఇది వర్తింపదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్సు 2021 నాటి కార్మికశాసనము ప్రకారము, కార్మికుడు వేఱొక యజమానికడ చేరక, ఒప్పందము ముగియుటకు తాను కారణము గాకున్నచో, తిరుగు ప్రయాణపు ఖర్చు యజమానిదే. ఇవియేవియు దక్కక చిక్కువడినవారికి, అర్హతనుబట్టి తోడ్పడుటకై భారతప్రభుత్వము 2009లో నెలకొల్పిన భారతీయసమాజ సంక్షేమనిధి మన దౌత్యకార్యాలయములందు కలదు. ఈ సంగతులు తెలియక వడ్డీకి అప్పుచేసి టికెట్టు కొన్నవారు మనలో లేకపోలేదు.

ఇక రెండవ ప్రశ్న: ఇప్పుడు బయలుదేరుట శ్రేయమా? 2017 జనవరినుండి అమలులోనికి వచ్చిన నిబంధనచే, ఉద్యోగము పోయిన హెచ్-1బి వారికి గరిష్ఠముగా 60 దినముల గడువు కలిగినది. దేశము వీడినతోడనే ఆ గడువు ముగియును. 2025 సెప్టెంబరున వెలువడిన యమెరికా యధ్యక్షుని ప్రకటన, ఆ దేశమునకు వెలుపల నుండి చెల్లుబాటగు హెచ్-1బి వీసా లేనివారికై యజమానులు క్రొత్తగా పెట్టు దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించెను. ఇట్టి నియమములు మాఱుచుండును. నూఱు డాలర్లు కలిసివచ్చినవని త్వరపడి విమానమెక్కినవాడు మరల ప్రవేశించు ద్వారమునే పోగొట్టుకొనవచ్చును. కావున ముందు వలసచట్టము నెఱిగిన న్యాయవాది, పిమ్మటనే టికెట్టు.

మూడవది వెల. ఉద్యోగము లేనివానికి ఆ సమయమున మిగిలిన ధనము కాలమొక్కటే. పిల్లల బడులనుబట్టి ప్రయాణించువారు వేసవియందును డిసెంబరునందును గుంపులుగా బయలుదేరుదురు. అప్పుడు వెల పెరుగును. ఇతడు ఆ దినములను తప్పించుకొనవచ్చును. రెండుమూడు దినములు ముందువెనుకలుగా చూచినను వెలలో భేదము కానవచ్చును. ఒకవైపు టికెట్టు వెల రానుపోను వెలలో సగముండునని నమ్మరాదు, రెంటిని పోల్చిచూడవలెను. రానుపోను టికెట్టు కొని మొదటి విమానము నెక్కకున్నచో తక్కిన ప్రయాణము సాధారణముగా రద్దగును. క్రొత్త కొలువున చేరవలసిన దినము తెలియనివాడు తేదీ మార్చుకొన వీలున్న టికెట్టునకు కొంత యెక్కువ యిచ్చుటయే లాభము. అమెరికాకు పోవు, అచ్చటినుండి వచ్చు విమానములకు, ప్రయాణమునకు ఏడుదినములైన ముందుగా విమానసంస్థకడనే టికెట్టు తీసికొన్నచో, సంస్థవారు రెంటిలో నొక సౌకర్యము కల్పింపవలెను: సొమ్ము గొనకయే ఆ వెలను 24 గంటలు నిలుపుట, లేదా 24 గంటలలో రద్దుచేసికొన్నవారికి పైకమంతయు తిరిగి యిచ్చుట. ఇంటివారితో ఆలోచించుకొనుటకు ఈ యొక్కదినము చాలును.

మా పూర్వవిద్యార్థి యొకడు కొలువు పోయిన తరుణమున, చౌకయని అమెరికానుండి ఢిల్లీకి ఒక టికెట్టును, ఢిల్లీనుండి విశాఖపట్టణమునకు వేఱొక టికెట్టును విడివిడిగా కొనెను. మొదటి విమానము ఆలస్యమయ్యెను. ఢిల్లీలో పాసుపోర్టు తనిఖీ ముగించి, పెట్టెలు తీసికొని, కస్టమ్సు దాటి వచ్చునప్పటికి రెండవ విమానము వెడలిపోయెను. రెండును ఒకే టికెట్టుగా నుండినయెడల తరువాతి విమానమున చోటు కల్పించు బాధ్యత సంస్థలపై నుండెడిది. విడిటికెట్టులగుటచే రెండవదాని సొమ్ము పోయెను; మరల కొనవలసివచ్చెను. మిగిల్చినదానికంటె పోయినది యెక్కువ. పెట్టెల బరువు, మార్గమధ్యదేశపు ట్రాన్సిట్ వీసా, రాత్రి బస, వీనినన్నిటిని కూడిన మొత్తమే నిజమైన వెల.

పోషక మహాశయులారా! మాదొక మనవి. మన సంఘమువారు విద్యార్థివేతనముల నొసంగుచున్నారు, సంతోషము. వానితోబాటు చిన్న 'పాథేయనిధి' యొకటి నెలకొల్పవలెను. ఉద్యోగముల నడుమ నున్నవారికి, తల్లిదండ్రుల యవసానదశవంటి తప్పనిసరి సందర్భములయందు, వడ్డీ లేక టికెట్టు సొమ్ము నిచ్చి, క్రొత్త కొలువు దొరకిన పిమ్మట వాయిదాలలో రాబట్టవలెను. ఒప్పందపత్రమును చదివి, యజమాని బాధ్యతను తెలిపి, తగిన న్యాయవాదికడకు పంపగల ముగ్గురు సభ్యుల నియమింపవలెను. అమెరికాలోని ఇంజనీరునకును గల్ఫులోని తాపీపనివానికిని ఇందు భేదముండరాదు; అవసరమునుబట్టి తాపీపనివానికే ముందు చేయూత నీయవలెను. అమెరికాలో నున్నవారి ఛాయాపటములు మన సంచికలలో తఱచుగా నచ్చగుచున్నవి. గల్ఫునకు పోయినవారి పేరైనను కానరాదు. ఇరువురును మన బిడ్డలే.

కొలువు పోయినవాడు ఇంటికి వచ్చుటకు సిగ్గుపడకుండ, వచ్చుటకై అప్పులపాలు గాకుండ చూచుట సంఘధర్మము. ఈ సభయందే యీ మనవిని తీర్మానరూపమున గైకొందురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.

స్వస్తి.