మన ఊరి మట్టితోనే మన ఇండ్లు



రాష్ట్రం వచ్చినంక ఊర్ల భూమి కొని ఎవుసం చేస్తమని మనలో చాలామంది అంటున్నరు. ఒక సంగతి యాదిలో పెట్టుకోండి. విదేశాల్లో ఉంటూ వ్యవసాయ భూమి కొనడానికి ఫెమా నిబంధనలు ఒప్పవు. తాతల నుంచి వచ్చిన భూమిని మాత్రం ఉంచుకోవచ్చు. పడావు పడ్డ ఆ చెలకల గురించే ఇవాళ మాట్లాడుత.

ఆ చెలక చుట్టూ ప్రహరీ కట్టి, సిమెంటు బంగళా లేపి, నాలుగు బోర్లు దింపితే పక్క రైతు బావి ఎండుతది. నీళ్ల కోసం కొట్లాడిన మనమే నీళ్లు గుంజుకుంటే ఇంక ఆ ఉద్యమం ఎందుకు చేసినట్టు? పది కుటుంబాలు కలిసి బతికే రైతువాడ కడదాం. ఒక ఇంజినీరుగా నా లెక్క చెప్త.

మొదలు నీళ్లు. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండేది. మనమూ వాలుకు అడ్డంగా కట్టలు పోసి, పల్లంలో కుంట తవ్వాలె. ఇండ్ల జాగ తర్వాతి మాట.

రెండోది మట్టి. కుంట తవ్వినప్పుడు పై మట్టి పొలానికి, అడుగున ఉన్న ఎర్రమట్టి గోడలకు. 600 చదరపు అడుగుల ఇంటికి, 9 అంగుళాల గోడలకు సుమారు 25 ఘనపు మీటర్ల మట్టి పడుతది. పది ఇండ్లకు 250. అంటే ఆ గుంతలోనే రెండున్నర లక్షల లీటర్ల నీళ్లు ఆగుతయి. మట్టిలో దాదాపు 5 శాతం సిమెంటు కలిపి మిషన్‌తో అదిమితే ఇటుక తయారు. బట్టీ వద్దు, కట్టెలు వద్దు. మూడు నాలుగు వారాలు తడిపితే చాలు. రేగడి మాత్రం పనికిరాదు, ఉబ్బి పగులుతది. పునాదికి రాయి, కిందికి తాండూరు బండలు, వాన జల్లు తగలకుండ వెడల్పు చూరు.

మూడోది పంట. జహీరాబాద్ దిక్కు దళిత మహిళా సంఘాలు జొన్న, కొర్ర, సామ విత్తనాలు తామే దాచుకుని పండిస్తున్నరు. అప్పటి వరంగల్ జిల్లా ఏనబావిలో సుమారు 50 కుటుంబాలు రసాయనాలు మానేసి, 2006లో ఆ మాట ఊరంతా కలిసి ప్రకటించినయి. మనం వాళ్లకు నేర్పేది లేదు, వాళ్ల దగ్గర నేర్చుకునేదే ఉన్నది.

నాలుగోది మనుషులు. సిమెంటుకు, ఇనుముకు పెట్టే పైసలు కంపెనీలకు పోతయి. మట్టి ఇంటికి పెట్టే పైసల్లో ఎక్కువ భాగం మన ఉప్పరి, వడ్ల, కుమ్మరి అన్నల కూలి అయితది. పొలం చేసే రైతులు కూడా సభ్యులుగా ఉండేటట్టు 1995 పరస్పర సహాయ సహకార చట్టం కింద సంఘం పెట్టుకోవచ్చు.

రాష్ట్రం 2014లో ఢిల్లీ నుంచి వచ్చింది. ఈ పనికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. ఈసారి ఊరికి పోయినప్పుడు మీ చెలకలో రెండడుగుల లోతు తవ్వి, మట్టి ఏ రంగుందో చూసి రండి. అక్కడి నుంచి లెక్క మొదలుపెడదాం.

జై తెలంగాణ!