మేడకు, ఇండ్లకు నడుమ పచ్చని తెర

మన నగరములలో పెద్ద పెద్ద వ్యాపార భవనములు నేడు కాపురపు ఇండ్ల చెంతకే వచ్చుచున్నవి. 1998లో హైదరాబాదు మాదాపూరునందు సైబర్ టవర్సు ప్రారంభమైనది. తరువాతి సంవత్సరములలో ఆ పరిసరములందు కార్యాలయ సౌధములు, అంగడి సముదాయములు, నివాసగృహములు ఒకదాని నొకటి ఒరసికొని వెలసినవి. ఇతర పట్టణములును ఈ దారినే పోవుచున్నవి. అట్టిచోట ఇండ్లవారికి మరుగు నొసగు చెట్ల వరుసను గురించి కొన్ని మాటలు మనవి చేయుదుము.

భవనపు ముఖద్వారమున పచ్చికయు, పూలతొట్లును ఎట్లును అమరును. వచ్చిపోవువారి మెప్పు దానికి అవసరము. కాని జనరేటర్లు, సరకు దింపు లారీలు, చెత్తతొట్లు వెనుకవైపున నుండును. ఆ వెనుకభాగమే అనేక గృహస్థుల కిటికీలకు ఎదురు. తెర కావలసినది అక్కడ.

2006 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటన ననుసరించి 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణ విస్తీర్ణము గల భవనములకు ముందుగా పర్యావరణ అనుమతి పొందవలెను. 80 చదరపు మీటర్ల నేలకు ఒక చెట్టు చొప్పున పెంచవలెనను షరతు అట్టి అనుమతులలో సాధారణముగా నుండును. లెక్క సరిపోయినంతమాత్రమున పని నెరవేరదు. చెట్టు ఏ వైపున నున్నదియు చూడవలెను.

తెర ఎంత ఎత్తుండవలెను? మేడయంత ఎత్తు అక్కరలేదు. నేలపై నిలుచున్న మనిషి కన్ను 5 అడుగుల ఎత్తున నున్నదనుకొందము. అతనికి 30 అడుగుల దూరమున 20 అడుగుల చెట్టున్నచో, 120 అడుగుల దూరమందలి కట్టడము 65 అడుగుల వరకు మరుగుపడును. చెట్టు ఇంటికి దగ్గరైనకొలది దాని మరుగు పెరుగును. మేడమీది గదులవారికి మాత్రము ఇంకను ఎత్తైన చెట్లు కావలెను.

ఏడాది పొడవున ఆకు నిలుచు జాతులు ఇందుకు మేలు. పొగడ, నేరేడు వెనుక వరుసలో నాటి, ముందు గన్నేరు, మందార వంటి పొదలను పెంచినచో క్రింది సందులు మూసికొనును. రెండవ వరుస మొక్కలు మొదటి వరుస సందులకు ఎదురుగా నుండవలెను. త్వరగా పెరుగునని కోనోకార్పసును నాటుట తగదు. ఆరోగ్యమునకు, పర్యావరణమునకు హాని యను కారణమున 2023లో గుజరాతు ప్రభుత్వము దాని పెంపకమును నిషేధించినది.

చెట్ల వరుస కంటికి మరుగే గాని చెవికి కాదు. సన్నని వరుస ధ్వనిని ఇంచుమించుగా ఆపజాలదు. అందులకు సందులేని గోడయో, మట్టికట్టయో కావలెను. 2000 సంవత్సరపు నియమముల ప్రకారము నివాసప్రాంతములందు ధ్వని పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లను మించరాదు. దీపములకు కప్పులమర్చి వెలుతురును నేలవైపునకు త్రిప్పుటయు అవసరమే.

అన్నిటికంటె ముఖ్యమైనది నేల. కార్లు నిలుపుటకై నేలమాళిగను ప్రహరీగోడ వరకు త్రవ్వినచో, పైని పరచిన కొద్దిపాటి మట్టిలో పెద్దచెట్టు వేరు తన్నలేదు. తరువాత ఎంత సొమ్ము వెచ్చించినను ఆ లోపము తీరదు. మేడ రెండు మూడేండ్లలో లేచును. మొక్క చెట్టగుటకు పదేండ్లైనను పట్టవచ్చును. కాబట్టి సరిహద్దు వెంబడి కొంత నేలను త్రవ్వక విడిచి, ఉన్న చెట్లను కాపాడి, పునాదితో పాటే మొక్కలను నాటవలెను.

పొరుగున పెద్ద కట్టడము రానున్నదని తెలిసినప్పుడు, కాలనీవాసులు కూడి నమూనాపటమును చూడగోరవలెను. వెనుకవైపున ఏమి రానున్నది, అక్కడ త్రవ్వని నేల ఎంత, మొక్కలకు నీరు పోయువారెవరు అని అడుగవలెను. ఈ ప్రశ్నలకు సమాధానము పటముపై గీత మార్చుట సులభమైనప్పుడే రావలెను. కాంక్రీటు గట్టిపడిన పిమ్మట అడిగిన ప్రయోజనము స్వల్పము.