రాశిఫలమూ, గుండెపోటూ



ఉగాదినాడు పంచాంగం విని ఆదాయవ్యయాలు చూసుకుంటాము గదా, నేడు మరొక రాశిఫలం మనవి చేస్తాము.

1988లో ప్రకటితమైన ఐసిస్-2 పరిశోధనలో, గుండెపోటని అనుమానించిన 17,187 మందికి 417 ఆసుపత్రులలో చికిత్స చేసి చూచారు. ఎవరికి ఏ మందన్నది చీటీలు వేసినట్లే నిర్ణయించారు. ఉత్తుత్తి మందు పొందినవారిలో అయిదు వారాలలో నూటికి 13 మంది గుండె, రక్తనాళాల జబ్బులతో పోయారు. రక్తపుగడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేసూ, ఆస్పిరినూ రెండూ పుచ్చుకున్నవారిలో 8 మందే! ఆస్పిరిను ఎంత చౌక బిళ్లో మనకు తెలియనిది కాదు.

ఫలితాన్ని తెగలవారీగా విడగొట్టి చూపుమని పత్రికవారు కోరగా, పరిశోధకులు రాశులవారీగా కూడా లెక్కకట్టారు. మిథున, తులారాశులవారికి ఆస్పిరిను మేలు చేసినట్లు కనబడలేదు! అంకెలను ముక్కలు చేస్తే ఇట్టి వింతలే పుడతవని చూపుటకే వారట్లు చేసినది. (పుట్టిన తేదీనిబట్టి చూచే పాశ్చాత్య రాశులవి, మన సిద్ధాంతిగారు కోపగించనక్కరలేదు.)

రక్తపుగడ్డను కరిగించే ఆ మందును తొలి గంటలలో పొందినవారికే ఎక్కువ గుణమిచ్చినది. నేడు గొట్టం పంపి నాళాన్ని తెరిచే చికిత్స వచ్చినా, అదీ ఆలస్యాన్ని సహించదు. కనుక ఎదపై బరువు పెట్టినట్లుండి, చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకితే, వాయువని వాము నమలుతూ కూర్చోవద్దు. రాహుకాలం పోనిమ్మని ఆగవద్దు. ఆస్పిరినైనా వైద్యునడిగి వేసుకోవలసినదే. మనం స్థిరపడిన ఊళ్లలో రాత్రివేళ ఇ.సి.జి. తీసే ఆసుపత్రి ఏ వీధిలో ఉన్నదో ఈ పండుగపూటనే విచారించి పెట్టుకుందాము.