పటం ఎవరిది? డప్పు ఎవరిది?
(మాదిగవాడ సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రాత్రి ఒక సంగతి తేల్చుకోవాలని కూసున్నం. పట్నంలోని చిత్రశాలవారు మొన్న మన వాడకు వచ్చిండ్రు. జానపద కళల ప్రదర్శన పెడుతున్నరట. డక్కలి వాళ్లకాడ ఉన్న జాంబపురాణం పటం, మన వాడలోని పాత డప్పులు రెండు కావాలన్నరు. మూడు నెలలు పెట్టుకొని మళ్ల ఇస్తమన్నరు. మన పిల్లలు కొందరు 'ఇయ్యొద్దు, పోయినయంటే రావు' అంటున్నరు. పెద్దలు కొందరు 'అంత పెద్ద జాగల మన వస్తువు పెడితే మనకే గౌరవం గద' అంటున్నరు. రెండు మాటల్లోనూ నిజం ఉన్నది.

ముందుగాల ఆ పటం ఏందో తెలుసుకుందాం. ఎక్కువ మంది దాన్ని బొమ్మలున్న బట్ట అనుకుంటరు. అది మన చరిత్ర. నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీలు ఇట్లాంటి పటాలు రాస్తరు. బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి, ఎర్రటి నేలమీద వరుసలు వరుసలుగా బొమ్మలు వేస్తరు. పటం గజాల కొద్దీ పొడుగుంటది. చుట్ట చుట్టి భుజాన వేసుకొని ఊరూరు తిరుగుతరు. ఒక్కొక్క కులానికి ఒక్కొక్క కథ, ఆ కథ చెప్పే ఆశ్రిత కులం ఉన్నది. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్తరు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ చెప్తరు. మన మాదిగలకు డక్కలి వాళ్లు జాంబపురాణం చెప్తరు. భూమి పుట్టకముందే జాంబవుడు పుట్టిండని, ఆయన బిడ్డలమే మనమని ఆ కథ. మనువు మనను అడుగున పడేస్తే, డక్కలాయన పటం విప్పి మనను అందరికంటే ముందట నిలబెట్టిండు. పుస్తకం చేతపట్టనియ్యని కాలంలో మన పుస్తకం అదే.

మరి చిత్రశాలలో ఆ పుస్తకం ఏమవుతది? మేం కొన్నేండ్ల కింద ఒక ప్రదర్శన చూడబోయినం. గాజుపెట్టెలో డప్పు వేలాడుతున్నది. పక్కన ఇంగ్లీషులో అట్టముక్క. మాతో వచ్చిన ఇంటర్ చదివే పిల్ల చదివి చెప్పింది: 'వాద్యం. తోలు, కట్టె.' అంతే! చేసిన మనిషి పేరు లేదు. ఊరు లేదు. వాడ లేదు. పక్క గదిలో నూనెరంగుల బొమ్మ కింద మాత్రం చిత్రకారుని పేరు, పుట్టిన సంవత్సరం, చదివిన కాలేజీ అన్నీ రాసిండ్రు. ఆయనది కళ అట, మనది వస్తువు అట! ఆ తేడా ఎవరు పెట్టిండ్రు?

ఇంకొకటి చెప్తం. ప్రారంభం నాడు పెద్దమనిషికి స్వాగతం చెప్పనీకి మనోళ్లను పిలిచిండ్రు. గేటుకాడ డప్పులు కొట్టిండ్రు. పెద్దమనిషి లోపలికి పోయిండు. డప్పు లోపల గాజులో ఉన్నది. డప్పు కొట్టినోళ్లు బయట చెట్టు కింద కూసున్నరు. చాయ గూడ బయటికే వచ్చింది. లోపలికి రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని గూడ ఎవరూ అనలేదు. ఈ కాలపు అంటరానితనం ఇట్లనే ఉంటది. నోరు తెరిచి తిట్టదు, మర్చిపోయినట్టు నటిస్తది.

డప్పు సంగతి డప్పు కొట్టేటోనికి తెలుసు. మంట సెగ చూపెడితేనే తోలు బిగుస్తది. చిర్ర, చిటికెన పుల్ల రెండూ తగిలితేనే మోగుతది. చావుకొక దెబ్బ, పెండ్లికొక దెబ్బ, జాతరకొక దెబ్బ ఉన్నది. ఇవేవీ చెప్పకుండ గాజులో వేలాడదీస్తే అది డప్పు శవం. ఊరు మనతోని వెట్టి కొట్టించుకున్న డప్పు అదే. 1994లో దండోరా లేచినప్పుడు మనం ఆత్మగౌరవానికి కొట్టుకున్న డప్పు గూడ అదే. ఈ రెండు కథలూ లేని ప్రదర్శన సగం అబద్ధం.

అట్లని చిత్రశాల మనకెందుకని ఊకుందామా? కాదు. ఆ కట్టడం ఎవరి పైసలతో లేచింది? మనం కొనే అగ్గిపెట్టె మీద కట్టిన పన్నులతో లేచింది. రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం ఏం చెప్తున్నది? సర్కారు సొమ్ముతో నడిచే బావులు, చెరువులు, రోడ్లు, జనం కూడే జాగలు, వీటిలోకి కులం పేరు మీద ఎవరినీ అడ్డుకోరాదని చెప్తున్నది. చిత్రశాల గూడ జనం కూడే జాగే.

కాగితం మీద హక్కు ఉంటే సాలదని బాబాసాహెబ్ మనకు నేర్పిండు. మహాడ్‌లో చవదార్ చెరువు అందరిదేనని మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. నీళ్లు ముట్టిందెప్పుడు? 1927 మార్చి 20న వేలమంది నడిచిపోయి దోసిళ్లు ముంచినప్పుడు. చిత్రశాల తలుపు తెరిచే ఉన్నదంటున్నరు గద, మనం గూడ నడిచి లోపలికి పోవాలె. చూసొచ్చేటోళ్లుగ కాదు, చెప్పేటోళ్లుగ పోవాలె.

ఇట్ల చేసినోళ్లు లోకంలో ఉన్నరు. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నగరంలో డిస్ట్రిక్ట్ సిక్స్ అని ఒక బస్తీ ఉండేది. 1966లో తెల్ల సర్కారు అది తెల్లవాళ్ల జాగ అని ప్రకటించి, అరవై వేల మందికి పైగా నల్లవాళ్లను, ఇతర జాతులవాళ్లను వెళ్లగొట్టి ఇండ్లు కూలగొట్టింది. ఆ జనమే 1994లో ఒక పాత చర్చిలో తమ మ్యూజియం తెరిచిండ్రు. నేలమీద బస్తీ నక్షా పరిచిండ్రు. వచ్చినోళ్లు తమ ఇల్లు ఎక్కడుండెనో వెతుక్కొని పేరు రాసిండ్రు. చూడవచ్చినోడే రాసేటోడయిండు. జనం భాగం పంచుకునుడంటే అది. గేటుకాడ డప్పు కొట్టించుడు కాదు.

ఇగ మన లోపలి మాట. చేదుగ ఉంటది, అయినా చెప్పాలె. సాయంత్రం నుంచి 'పటం ఇద్దామా వద్దా' అని మనం మనం మాట్లాడుకుంటున్నం. ఆ పటం మనదా? మోసింది డక్కలాయన. కాపాడింది డక్కలాయన. కిన్నెర మీటి కథ నిలబెట్టింది డక్కలాయన. 12 మెట్ల కిన్నెర వాయించే మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వస్తే మనం దండలు వేసి ఫొటోలు దిగినం. మరి డక్కలోళ్లను మన ఇండ్లల్లకు ఎప్పుడన్న పిలిచినమా? వాకిట్లనే నిలబెట్టినం. ఊరు మనకు చేసిందే మనం వాళ్లకు చేసినం. ఊరు మనను వాడ బయట పెట్టిందని కొట్లాడే మనకు, మన వాడ బయట ఒక గుడిసె ఉన్నదని కనబడలేదా? చిత్రశాలను అడిగేముందు మన గడపను అడగాలె.

అందుకే మా మాట ఇది. పటం గురించి తేల్చేది డక్కలి కుటుంబం. వాళ్లు వద్దంటే వద్దు. ఇస్తమంటే సంఘం వాళ్ల వెనుక నిలబడి ఈ షరతులు పెట్టాలె.

ఒకటి: వస్తువు ఇచ్చినట్టు, మళ్ల ఇచ్చే తారీఖుతో సహా, తెలుగులో కాగితం రాసియ్యాలె. చిరిగితే బాధ్యత ఎవరిదో అందులో ఉండాలె.

రెండు: పటం కింద కథ చెప్పే మనిషి పేరు, రాసిన నకాషీ పేరు, ఊరు ఉండాలె. డప్పు కింద చేసినోని పేరు ఉండాలె. పెద్ద అక్షరాలతో తెలుగు ముందుండాలె.

మూడు: పటం విప్పి కథ చెప్పేది డక్కలాయనే. దానికి కూలి, బస్సు కిరాయి, తిండి చిత్రశాలే ఇయ్యాలె. స్వాగతానికి డప్పు కొట్టం. లోపల, సభ మధ్యలో, కుర్సీల ముందు కొడతం.

నాలుగు: హాస్టల్ పిల్లలకు, కూలికి పోయే ఆడోళ్లకు వీలయ్యే రోజున, టికెట్ లేకుండ తలుపులు తెరవాలె.

ఐదు: రేపటి ప్రదర్శనలు నిర్ణయించే కమిటీలో మనవాళ్లు ఉండాలె. వస్తువు ఇచ్చినోనికి మాట చెప్పే హక్కు గూడ ఉండాలె.

వీటికి ఒప్పుకుంటే పోదాం. ఒప్పుకోకుంటే పటాన్ని ఈ వాడలోనే చెట్టుకు కడదాం, దీపాలు పెడదాం, చుట్టుపక్కల పది ఊర్లను పిలుద్దాం. అది గూడ ప్రదర్శనే. గోడలు లేకుంటే ఏమాయె, చెప్పేటోడు, వినేటోళ్లు ఉన్నరు గద.

ఆఖరి మాట. ఈ సభ అయినంక డక్కలి అన్నదమ్ములు చెట్టు కింద తినరు. ఇయ్యాల వాళ్ల బువ్వ మన ఇండ్లల్ల, మనతో ఒక్క బంతిల. ఏ ఇంట్ల అని అడిగితే మొట్టమొదట చెయ్యెత్తేది ఎవరో చూద్దాం. ఆ చెయ్యి లేచినంకనే చిత్రశాలకు ఉత్తరం రాద్దాం.

జైభీమ్!