పడవలో కూర్చుండ నర్హులెవరు?



తెలుగుదేశమున నదీతీరవాసులకు పడవ క్రొత్త వస్తువు కాదు. కాలువలపై ధాన్యము మోసిన పడవలను, రేవు దాటించు పడవలను పెద్దలెల్లరు నెరుగుదురు. కాని పాఠశాల బాలురు తెడ్లు చేతబట్టి పందెము లాడుటయు, ఆ పందెములకు ధర్మశాస్త్రము వంటి నియమావళి యొకటి యుండుటయు ఇచ్చటి వారికి వింతగా దోచును. ఇంగ్లండు, న్యూజిలాండు, ఆస్ట్రేలియా, అమెరికా దేశములలో నిది వింత కాదు. అచ్చట పందెము నీటిమీద జరుగుటకు ముందే కాగితముమీద నొకసారి జరుగును. ఎవడు పడవ నెక్కవచ్చును, ఎవడు గట్టుననే నిలువవలెను అను వివాదమే ఆ మొదటి పందెము.

ముందుగా ఆ పడవ యెట్టిదో చెప్పవలెను. ఎనిమిదిమంది నడుపు పడవ సుమారు 60 అడుగుల పొడవును, రెండడుగుల వెడల్పును గలది. ఒక్కొక్కడు రెండు చేతులతో నొక్కొక్క తెడ్డు పట్టును. అందరును గమ్యమునకు వీపు ద్రిప్పి కూర్చుందురు. ఎదుట నేమున్నదో చూచువాడు చుక్కాని పట్టిన తొమ్మిదవవాడొక్కడే. ఒకని తెడ్డు క్షణము తడబడినను తక్కిన యేడుగురి శ్రమయు వ్యర్థము. ఇందు ఒంటరి వీరునకు చోటు లేదు. అందుచేతనే జట్టులో నొకనికి అర్హత లేదని తేలినచో తక్కినవారు గూడ నష్టపడుదురు.

అర్హతను గూర్చిన వివాదములలో నెల్ల ప్రసిద్ధమైనది థేమ్సునది యొడ్డున హెన్లీ పట్టణమున జరిగినది. అచ్చట 1839 నుండి పందెములు జరుగుచున్నవి. 1879లో ఆ పందెముల నిర్వాహకులు ‘ఔత్సాహికుడు’ అనగా నెవడో నిర్వచించిరి. డబ్బు కొరకు పందెమాడువానిని తొలగించుట వరకు సబబే. కాని వారంతతో నాగలేదు. కూలికి చేతిపని చేయువాడు, యంత్రములపై పనిచేయువాడు, కార్మికుడు ఔత్సాహికుడు కాజాలడని గూడ వ్రాసిరి. అనగా తెడ్డు వేసి పొట్ట పోసికొనువానికి తెడ్ల పందెమున ప్రవేశము లేదన్నమాట! శ్రీరాముని గంగ దాటించిన గుహుడు హెన్లీకి పోయి పేరిచ్చియుండినచో ఆ పెద్దమనుష్యులు సవినయముగా తిరస్కరించి యుందురు.

ఆ నియమము 1920లో జాన్ కెల్లీ యను వానికి తగిలినది. కెల్లీ అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమువాడు, తాపీపని చేసి పైకి వచ్చినవాడు. ఒంటరిగా రెండు తెడ్లతో నడుపు పడవలో నాటి మేటి. హెన్లీలోని డైమండ్ పందెమునకు దరఖాస్తు పంపగా నిర్వాహకులు త్రోసిపుచ్చిరి. వారు చూపిన కారణములు రెండు. కెల్లీ చేతిపని చేసినవాడనునది యొకటి. అతని సంఘము పడవ ఖర్చులకు ప్రజలనుండి చందాలు పోగుచేసి యింతకు పూర్వమే హెన్లీ బహిష్కారమునకు గురియైయుండుట రెండవది. ఆ యేడు హెన్లీలో ఆ పందెమును గెలిచినవాడు జాక్ బెరెస్ఫర్డ్. కొన్నివారములకు బెల్జియములోని యాంట్వెర్పున జరిగిన ఒలింపిక్ క్రీడలలో కెల్లీయు బెరెస్ఫర్డును ఎదురుపడిరి. కెల్లీ ఒక్క సెకను తేడాతో గెలిచెను.

భారతము చదివినవారికి ఈ కథ విన్నంతనే హస్తినాపురములోని అస్త్రవిద్యా ప్రదర్శనము స్ఫురింపక మానదు. అర్జునుని విద్య చూచి జనులు జయజయధ్వానములు చేయుచుండగా కర్ణుడు రంగమున ప్రవేశించి అర్జునుడు చేసినదెల్ల తానును చేసి చూపెను, ద్వంద్వయుద్ధమునకు పిలిచెను. అప్పుడు కృపాచార్యుడు లేచి యడిగిన ప్రశ్న విద్యను గూర్చినది కాదు. నీ వంశమేది, నీ తల్లిదండ్రులెవరు అని. కర్ణుడు తల వంచుకొనెను. కృపుడు దుర్మార్గుడు కాడు. రాజకుమారుడు సమానునితోనే పోరవలెనను ఆచారమును చెప్పినవాడు మాత్రమే. హెన్లీ పెద్దలును దుర్మార్గులు కారు. ఆచారమును వ్రాతలో పెట్టినవారు. కాని వ్రాతలో పెట్టిన అన్యాయము నోటిమాటగా నున్న అన్యాయముకంటె గట్టిది. 1936లో ఒలింపిక్ క్రీడలకు పోవుచున్న ఆస్ట్రేలియా దేశపు ఎనిమిదిమంది జట్టు హెన్లీలో ఆడదలచెను. వారు పోలీసు ఉద్యోగులు. వారిని గూడ నీ నియమమే ఆపినది. లోకము నవ్విన తరువాత 1937లో ఆ మాటలు తొలగింపబడినవి. పది సంవత్సరములకు, 1947లో, అదే డైమండ్ పందెమును కెల్లీ కుమారుడు గెలిచెను. 1949లో మరల గెలిచెను. (ఆ బాలుని అక్కచెల్లెండ్రలో నొకతె గ్రేస్ కెల్లీ. సినిమా నటియై, పిమ్మట మొనాకో రాకుమారుని పెండ్లాడినది.)

పాఠశాలల విషయము వేరు. బాలునకు వృత్తి యుండదు గాన ఆ చిక్కు లేదు. హెన్లీలో పాఠశాల బాలుర ఎనిమిదిమంది పడవలకు ప్రిన్సెస్ ఎలిజబెత్ పేర 1946లో పందెము నేర్పరచిరి. 1964 నుండి విదేశ పాఠశాలలకు గూడ ప్రవేశము కల్గినది. పాఠశాల వయస్సు బాలికల ఎనిమిదిమంది పడవలకు పందెము 2021 వరకు రాలేదు. ఈ ఆలస్యమునకు సమర్థన చెప్పుట కష్టము.

పాఠశాల పందెములలో మొదటి ప్రశ్న వయస్సు. పదునైదేండ్ల బాలునకును పదునెనిమిదేండ్ల యువకునకును భుజబలమున గల తేడా తల్లులు చెప్పగలరు. కావున ఇన్నేండ్లకు లోపు అను తరగతు లుండును. అయితే వయస్సును ఏ తేదీకి లెక్కించవలెను? పందెము నాటికి లెక్కించినచో, పందెమునకు వారము ముందు పుట్టినరోజు వచ్చిన పిల్లవాడు ఏడాది పొడుగున సాధన చేసియు గట్టున నిలువవలసి వచ్చును. అందుచే విద్యాసంవత్సరారంభమును ప్రమాణముగా గొనుట వాడుక. ఇంగ్లండులో చదువులు సెప్టెంబరున మొదలగును గాన హెన్లీ వారు పందెమునకు ముందటి సెప్టెంబరు 1వ తేదీ చూతురు. న్యూజిలాండులో క్రొత్త తరగతులు వేసవి సెలవుల పిమ్మట జనవరి ఫిబ్రవరి మాసములలో ప్రారంభమగును గాన అచ్చటివారు జనవరి 1వ తేదీ చూతురు. ఆనాటికి 19 నిండనివాడే పాఠశాల క్రీడాకారుడు. తేదీలు వేరైనను న్యాయమొకటే.

న్యూజిలాండు పేరు వచ్చినది గాన ఆ దేశపు మాడీ కప్పును గూర్చి కొంత చెప్పక తప్పదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆ దేశపు సైనికులు ఈజిప్టులో కైరో నగరము చెంత మాడీ అను శిబిరమున నుండిరి. వారిలో పడవ నడుపుట తెలిసినవారు నైలునదిపై అచ్చటి సంఘములతో 1943లో పందెమాడి గెలిచిరి. ఈజిప్టు వారిచ్చిన ఆ కప్పు యుద్ధానంతరము సైనికులతో బాటు సముద్రము దాటి వచ్చినది. దానిని పాఠశాల బాలుర ఎనిమిదిమంది పడవల పందెమునకు కేటాయించి 1947లో వాంగనూయిలో మొదటి పోటీ జరిపిరి. ఎడారిలో చనిపోయినవారి తమ్ములు ఆ కప్పు కొరకు తెడ్డు వేసిరన్నచో అతిశయోక్తి కాదు. నేడా పోటీ ఒక యేడు ఉత్తర ద్వీపమున కరాపీరో సరస్సునను, మరుసటి యేడు దక్షిణ ద్వీపమున రువాటనీఫా సరస్సునను జరుగును. రెండువేలకు మించిన బాలబాలికలు వత్తురు. పందెపు దూరము 2000 మీటరులు. బాలికల ఎనిమిదిమంది పడవకు లెవిన్ జూబిలీ కప్పు గలదు.

ఇంత పేరుగల కప్పు నాసించి పాఠశాలలు ఏమి చేయునో ఊహింపవచ్చును. పొరుగుబడిలో బలమైన పిల్లవాడు కనబడెను. వానికి ఫీజు మాఫీ చేసి, వసతి యిచ్చి తమ బడిలో చేర్చుకొందురు. ఇచ్చట మరల కర్ణుని కథయే. కృపుడడిగిన ప్రశ్నకు కర్ణుడు నిరుత్తరుడు కాగా దుర్యోధనుడు అప్పటికప్పుడే అంగరాజ్యమిచ్చి అర్హతను కల్పించెను. అది ఔదార్యమా, అర్జునునకు పోటీవానిని కొనుటయా? రెండును కావచ్చును. పేదయింటి పిల్లవానికి మంచి బడిలో చదువు దొరకుట మేలు కాదని యెవరనగలరు? కాని వాడు విడిచి వచ్చిన బడిలో వానితో మూడేండ్లు తెడ్డు వేసిన ఏడుగురి సంగతి యేమి? ఈ చిక్కు పడవలకే గాదు. 2018 చివర ఆక్లాండు నగరమున ఇతర పాఠశాలలనుండి ఆటగాండ్రను రాబట్టుచున్నదను ఫిర్యాదుపై ఒక పాఠశాలతో రగ్బీ ఆడబోమని తక్కిన పాఠశాలలు తెగేసి చెప్పినవి. పిల్లవాడు నిజముగా తరగతులకు హాజరగు విద్యార్థియై యుండవలెననియు, బడి మారి క్రొత్తగా వచ్చినవారి సంఖ్యకు పరిమితి యుండవలెననియు ఆ దేశపు నియమములు చెప్పుటకు కారణమిదియే. బడి మారుటను నిషేధింపలేదు. కుటుంబము ఊరు మారినచో పిల్లవాడేమి చేయును? సంఖ్యకే హద్దు పెట్టిరి. ఇది తెలివైన పద్ధతి. ఒక్కొక్కని మనస్సులోని ఉద్దేశమును విచారింపబూనినచో ఆ విచారణకు అంతముండదు.

అయినను నియమములలో లేని సంగతులు వచ్చిపడుచుండును. 2015 మార్చిలో మాడీ పోటీకి పోవుచు దక్షిణ ద్వీపపు పాఠశాల యొకదాని జట్టు ఆక్లాండులో విమానము దిగెను. సామానులు త్రిప్పి తెచ్చు పట్టీ యొకటి అచ్చట నుండును. ఇద్దరు బాలురు కుర్రతనముచే దానిపై నెక్కి లోనికి పోయిరి. రక్షకభటులు పట్టుకొని మందలించిరి. పాఠశాలవారు వారిద్దరిని జట్టునుండి తొలగింప నిశ్చయించిరి. తండ్రులు హైకోర్టు నాశ్రయించి తాత్కాలికపు ఉత్తరువు తెచ్చిరి. ఆ యిద్దరును పడవ నెక్కి ఆడిరి.

దేశమంతయు రెండుగా చీలినది. గురువు మాటకు కోర్టు అడ్డుపడిన యెడల రేపు బడిలో బెత్తము కాదు గదా, మందలింపు గూడ చెల్లదని కొందరు. తరువాత విధింపదగిన శిక్షలు పెక్కు గలవు, పందెము మాత్రము మరల రాదు గావున తొందర యేల యని మరికొందరు. వయస్సునకు, హాజరునకు, బడి మారుటకు నియమములున్నవి. పడవలోనుండి ఒకనిని దింపు అధికారము ఎవరిది, దింపుటకు ముందు వాని మాట వినవలెనా అను దానికే స్పష్టత చాలలేదు. ఇందు గురువుల కోపము సహజమే, తండ్రుల ఆరాటమును సహజమే. కాని ఎనిమిదిమంది పడవలో తక్కిన ఆరుగురి తండ్రు లేమనుకొనిరో ఎవరును అడుగలేదు.

చివరకు చుక్కాని పట్టువాని మాట. వాడు తెడ్డు వేయడు గాన ఎంత తేలికగా నున్న నంత లాభము. నియమము లేనిచో బడిలోకెల్ల చిన్న పిల్లవానిని వెదకి, వానికిని తిండి తగ్గించి కూర్చుండబెట్టుదురు. అందుచే కనీసపు బరువు నేర్పరచిరి. అంతర్జాతీయ సంఘమువారి లెక్క 55 కిలోలు. 2017 నుండి బాలుర పడవకు బాలికయు, బాలికల పడవకు బాలుడును చుక్కాని పట్టవచ్చునని గూడ వారు నియమించిరి. పందెమునకు ముందు చుక్కానివానిని త్రాసుపై నిలుపుదురు. 52 కిలోలు తూగినచో తక్కువైన మూడు కిలోలకు ఇసుక సంచి కట్టి, తూచి, వాని కాళ్ళకడ పడవలో పెట్టుదురు. పందెము ముగిసి గట్టునకు వచ్చిన పిదప ఆ సంచి అట్లే యున్నదో లేదో మరల తూచి చూచు అధికారము గూడ వారికి గలదు.